32 ఏళ్ల స్టోమా పక్కన కొత్త బొడిపె: ముక్క పరీక్షకు ఇప్పుడే వెళ్లాలా, ఆగవచ్చా?

చెన్నై విల్లివాక్కం నుంచి ఒక పాఠకురాలు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక, ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసివేసి సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 59. పుట్టినిల్లు నెల్లూరు జిల్లా. భర్త ఐ.సి.ఎఫ్.లో (రైలు పెట్టెల కర్మాగారం) పనిచేసి రిటైరయ్యారు. 1993లో, ఆమెకు 27 ఏళ్లప్పుడు, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడే జబ్బు) ముదిరి నెత్తురు విరేచనాలతో ప్రాణం మీదికి వచ్చింది. అప్పటి మద్రాసులో హడావిడిగా ఆపరేషన్ చేసి పెద్దపేగు తీసేశారు. చిన్నపేగు చివరను పొట్టకు కుడివైపున బయటికి తెచ్చి (ఆ ద్వారాన్నే స్టోమా అంటారు) మలం పడటానికి సంచి తగిలించారు. "జబ్బు వేళ్లతో సహా పోయింది, ఇక భయం లేదు" అని ఆనాడు డాక్టరు అన్న మాట ఆమెకు ఇప్పటికీ చెవిలో ఉంది.

సంచి సంగతి భర్తకూ అత్తగారికీ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. అత్తగారు ఎప్పుడో పోయారు. అప్పటికి రెండేళ్లవాడైన కొడుక్కి "అమ్మకు కడుపులో ఆపరేషన్ అయింది" అన్నంతవరకే తెలుసు. సంచీలు సులువుగా దొరకని తొలి రోజుల్లో భర్తే వాటిని కడిగి, ఆరబెట్టి మళ్లీ పనికొచ్చేలా చేసేవారు. ఆ తర్వాత కూడా నాలుగు రోజులకోసారి, సంచిని చర్మానికి అంటించి ఉంచే ప్లేటు మార్చేటప్పుడు ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, టార్చి వేసి చుట్టూ చూసి, ఒక అట్టముక్కతో కొలిచి, ప్లేటుకు కంత కత్తిరించి ఇచ్చేవారు. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది.

ఎనిమిది నెలల క్రితం స్టోమా కింది అంచున రాగిగింజంత బొడిపె ఆమె వేలికి తగిలింది. ఇప్పుడది చింతగింజంత ఉంది. నొప్పి లేదు కానీ తుడిచినప్పుడు నెత్తురు అంటుతోంది. నాలుగు రోజులుండే ప్లేటు ఒకటిన్నర రోజుకే కారుతోంది. దగ్గరలోని ఒక క్లినిక్‌లో "కండ పెరిగింది" అని సిల్వర్ నైట్రేట్ పుల్లతో మూడుసార్లు కాల్చారు. మూడుసార్లూ మళ్లీ వచ్చింది. పోయిన నెలలో మరో సర్జన్ చూసి, ఇది పాత స్టోమా కనుక క్యాన్సర్ కావచ్చునని, ముక్క పరీక్ష (బయాప్సీ) తప్పదని చెప్పారు. కోడలికి ఆరో నెల. వచ్చే నెలలో సీమంతం, ఆ తర్వాత కోడలు పుట్టింటికి వెళుతుంది.

ఆమె నాలుగు ప్రశ్నలు అడిగారు. పురుడు అయ్యేదాకా ఆగవచ్చా? ముక్క తీస్తే నిద్రపోయే పామును కర్రతో కదిపినట్టు కాదా? క్యాన్సరే అయితే ఏం చేస్తారు? కొడుక్కీ కోడలికీ చెప్పి తీరాలా? ఉత్తరం ఏడో పేజీలో, మరో విషయం రాస్తూ మధ్యలో, "వెనక దారిన అప్పుడప్పుడు జిగురు పడుతుంది, అది మామూలేనని ఎప్పుడో అన్నారు" అని ఒక్క వాక్యం ఉంది.

సమాధానం

అమ్మా,

ఉత్తరం చదివి రోగనిర్ణయం చేయడం ఎవరివల్లా కాదు, నేనూ చేయను. మీకు క్యాన్సర్ ఉందనీ లేదనీ ఈ జవాబులో ఎక్కడా అనను. అయితే మీరు రెండు వేరువేరు సంగతులను ఒకే ముడిగా వేసుకున్నారని మాత్రం గట్టిగా అనగలను. ఆ బొడిపె ఏమిటో తెలుసుకోవడం ఒకటి, సంచి సంగతి ఇంట్లో చెప్పడం మరొకటి. రెండోది కష్టం కనుక మొదటిదాన్ని వాయిదా వేస్తున్నారు. పరీక్షకు మీ గుట్టు అడ్డం కాదు. ఒక ఉదయం బయటికి వెళ్లి మధ్యాహ్న భోజనం వేళకు ఇంటికి రాగలిగే పని అది. గుట్టు సంగతి రిపోర్టు వచ్చాక, దాన్ని బట్టి ఆలోచించుకోవచ్చు.

ముందుగా, పెద్దపేగే తీసేశాక ఇప్పుడీ అనుమానం ఎందుకు వచ్చిందన్న మీ బాధ గురించి. ఆనాటి డాక్టరు అబద్ధం చెప్పలేదు. జబ్బు పట్టిన పెద్దపేగులో క్యాన్సర్ వచ్చే ప్రమాదాన్ని ఆయన నిజంగానే తప్పించారు. కానీ మీ పొట్ట మీద కనిపించే ఆ ఎర్రటి భాగం పుట్టుకతో అక్కడ ఉండవలసింది కాదు. అది చిన్నపేగు లోపలి పొర. 1952లో బ్రయాన్ బ్రూక్ అనే బ్రిటిష్ సర్జన్ చొక్కా చేయి మడిచినట్టు పేగు చివరను వెనక్కి మడిచి కుట్టే పద్ధతిని వివరించారు. అంతకుముందు పేగు చివర చర్మానికి సమంగా ఉండి, అందులోంచి వచ్చే ద్రవం చుట్టూ చర్మాన్ని కాల్చేసేది. ఆ మడత మూలానే మీలాంటివాళ్లు దశాబ్దాల పాటు ఇల్లూ సంసారమూ నడుపుకోగలిగారు. దానికి మరో వైపు కూడా ఉంది. లోపల చీకట్లో, తడిలో ఉండవలసిన పొర ఏళ్ల తరబడి గాలికి, ప్లేటు ఒరిపిడికి, జిగురు పదార్థాలకు, బయటి సూక్ష్మజీవులకు ఎదురొడ్డి బతకాలి. కొందరిలో అది కాలక్రమాన పెద్దపేగు పొర లక్షణాలు తెచ్చుకుంటుంది. అలా మారిన పొరలో చాలా అరుదుగా క్యాన్సర్ మొదలవుతుంది. ఒరిపిడి, మంట తగ్గని చుట్టుపక్కల చర్మంలో ఇంకా అరుదుగా చర్మ సంబంధమైన క్యాన్సర్ రావచ్చు. కొలైటిస్‌కు పేగు తీసినవారి ఇలియాస్టమీ (చిన్నపేగుతో చేసిన స్టోమా) దగ్గర క్యాన్సర్ వచ్చిన సంగతి 1969లోనే అమెరికాలోని ఒక వైద్య పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత బయటపడినవాటిలో ఎక్కువ భాగం ఆపరేషన్ అయి ఇరవై, ముప్పై ఏళ్లు దాటినవారివే. మీ సర్జన్ స్టోమా వయసును లెక్కలోకి తీసుకున్నది ఇందుకే. మీరు శుభ్రంగా ఉంచుకోకపోవడం వల్లో, భర్త పోయాక అశ్రద్ధ చేయడం వల్లో వచ్చిందని మూడు చోట్ల రాసుకున్నారు; ఆ మూడూ కొట్టివేయండి.

అలాగని స్టోమా దగ్గర పెరిగే ప్రతి కండా క్యాన్సర్ కాదు. ప్లేటు అంచు ఒరుసుకుని వచ్చే గ్రాన్యులేషన్ కండ చాలామందిలో చూస్తాం. అది ఎర్రగా ఉంటుంది, ముట్టుకుంటే నెత్తురు వస్తుంది. వాపు వల్ల వచ్చే పాలిప్‌లు (పొర మీద లేచే చిన్న బొడిపెలు) ఉంటాయి. కారిన ద్రవంలో నానిన చర్మం మందమై పులిపిర్లలా లేస్తుంది. మొదటి క్లినిక్‌వారు అనుకున్నది వింతేమీ కాదు, పుల్లతో కాల్చడం కూడా గ్రాన్యులేషన్‌కు ఉన్న వైద్యమే. నా అభ్యంతరం మళ్లీ మళ్లీ కాల్చడం గురించి. ఒకసారి కాల్చాక మళ్లీ వచ్చిన కండలోంచి ఒక్క చిన్న ముక్కయినా ల్యాబుకు వెళ్లి ఉండవలసింది. కాలిపోయిన కండ మనకు ఏమీ చెప్పదు. అందుకని ముక్క పరీక్ష అయ్యేదాకా ఇక ఎవరు కాలుస్తానన్నా ఒప్పుకోకండి.

నొప్పి లేదు కనుక పెద్దదేమీ కాదని మీరు ధైర్యం చెప్పుకుంటున్నారు. ఇక్కడ ఆ ధైర్యం పనికిరాదు. స్టోమా పొరకు చర్మానికి ఉన్నట్టు నొప్పి తెలిపే నరాలు లేవు. గోరు గీసుకున్నా తెలియకపోవడం మీ అనుభవమే అయి ఉంటుంది. అందువల్ల ఒక మేలు కూడా ఉంది: ఆ పొర నుంచి ముక్క తీసినా నొప్పి ఉండదు. చర్మం అంచున తీయవలసి వస్తే చిన్న మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. సంచి విప్పి, సన్నటి పట్టకారుతో గింజంత ముక్కలు రెండు మూడు తీసి, నెత్తురు ఆగేదాకా గాజుగుడ్డ ఒత్తి, కొత్త ప్లేటు వేసి పంపిస్తారు. మీరు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందుగా చెప్పండి. అంతేకానీ వాటిని మీ అంతట మీరు ఆపకండి. రిపోర్టు సాధారణంగా వారం పది రోజుల్లో వస్తుంది.

పాము సంగతికి వస్తాను. సూది గుచ్చితే, కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న మాట మన ఊళ్లలో ఎంత బలంగా ఉందో నాకు తెలుసు. ముదిరిన దశలో పరీక్షకు వెళ్లి ఆ వెంటనే చనిపోయినవారిని చూసి జనం కట్టుకున్న కథ అది. ముదరడానికి కారణం ఆలస్యమైతే నింద సూది మీద పడింది. ఇలా పైనున్న బొడిపె నుంచి తీసే చిన్న ముక్క వల్ల జబ్బు ఒళ్లంతా పాకదు. మూడుసార్లు కాల్పించుకున్నప్పుడు కలగని భయం ఒక్క ముక్క తీయించుకోవడానికి ఎందుకు కలగాలి?

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పైపైన గీసిన ముక్కలో గ్రాన్యులేషన్ మాత్రమే కనిపించి, దాని అడుగున ఉన్నది తప్పిపోవచ్చు. పొరా చర్మమూ కలిసే అంచు నుంచి కూడా, కాస్త లోతుగా తీయమని అడగండి. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా బొడిపె పెరగడం ఆగకపోతే పరీక్ష మళ్లీ చేయించుకోవాలి.

ఇప్పుడు ఆగడం గురించి. ఆగితే ఏమవుతుందో నేను జోస్యం చెప్పలేను. ఇలాంటి క్యాన్సర్‌లు చాలావరకు మెల్లగా పెరుగుతాయి, పైగా బయటికి కనిపించే చోట ఉంటాయి కనుక లోపలి పేగు క్యాన్సర్‌ల కంటే ముందుగా దొరికే అవకాశం ఉంటుంది. కానీ మీ లెక్కే తీసుకుందాం. ఎనిమిది నెలల్లో రాగిగింజ చింతగింజ అయింది. పురుడు దాకా అంటే ఇంకో మూడు నెలలు, ఆ తర్వాత బారసాల, పసిపిల్ల మూడో నెల అంటూ ఆరు నెలలు గడవడం ఎంతసేపు? మామూలు కండే అయితే ఈ ఆరు నెలలూ అక్కర్లేని భయంతో గడుపుతారు. కాకపోతే, చిన్న ఆపరేషన్‌తో తీరవలసింది పెద్దదవుతుంది. నా మొగ్గు సీమంతానికి ముందే పరీక్ష చేయించుకోవడం వైపే. మీరు ఆగాలనే నిశ్చయించుకుంటే, కనీసం సీమంతం అయిన వారంలో తేదీ ఇప్పుడే తీసుకుని ఉంచుకోండి. "తర్వాత చూద్దాం" అన్న తేదీ క్యాలెండర్‌లో ఉండదు.

క్యాన్సరే అని తేలితే ఏం చేస్తారో దాచకుండా చెబుతాను. పొట్ట, ఛాతీ స్కాన్ తీస్తారు. స్టోమా దారిన సన్నటి గొట్టం పంపి లోపలి పేగు చూస్తారు. బొడ్డుకు దిగువ చర్మం తాలూకు శోషరసం గజ్జల్లోని గ్రంథులకు చేరుతుంది కనుక గజ్జలు కూడా తడిమి చూస్తారు. ఆ తర్వాత ముఖ్య చికిత్స ఆపరేషనే: స్టోమాను, చుట్టూ చాలినంత చర్మాన్ని, పొట్ట గోడలో కొంత భాగాన్ని, ఆ పేగు ముక్కనూ దాని గ్రంథులతో సహా ఒక్కటిగా తీసేసి, కొత్త స్టోమాను సాధారణంగా ఎడమవైపు పెడతారు. గ్రంథుల్లోకి చేరకముందే దొరికినవారిలో చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. చేరి ఉంటే కీమోథెరపీ అవసరమా అన్నది క్యాన్సర్ వైద్యులు చూస్తారు. కొత్త చోటును ఆపరేషన్ బల్ల మీద కాక ముందురోజే, మీరు కూర్చుని, నిలబడి, వంగి, చీర కుచ్చిళ్లు దోపుకునే చోటు చూపించి గుర్తు పెట్టించుకోండి. 32 ఏళ్లు కుడి చేతికి అలవాటైన పని ఎడమవైపుకు మారుతుంది. మొదటి రెండు నెలలు విసుగు పుట్టిస్తుంది. అది భరించగలిగిన విసుగే.

మీరు అడగని సంగతి ఒకటుంది. నిజానికి బొడిపె కంటే నన్ను ఎక్కువసేపు ఆపింది ఏడో పేజీలోని ఆ జిగురు వాక్యమే. వెనక దారిన జిగురు పడుతోందంటే, ఆనాటి అత్యవసర ఆపరేషన్‌లో పెద్దపేగు తీసి, దాని చివరి భాగమైన పురీషనాళాన్ని లోపలే మూసి ఉంచేసి ఉండవచ్చు. ప్రాణం నిలపవలసిన వేళ అలా చేయడం సరైన పద్ధతే. చాలామందిలో తర్వాత ఎప్పుడో దాన్ని కూడా తీస్తారు. మీకు తీయలేదేమో. జిగురు పడటం మామూలే అన్న మాట కూడా నిజమే, మలం వెళ్లని పురీషనాళం జిగురు ఊరుస్తూనే ఉంటుంది. కానీ కొలైటిస్ పట్టిన పొర అక్కడ ఇంకా ఉంది, ఏళ్లు గడిచేకొద్దీ అందులో క్యాన్సర్ వచ్చే ముప్పు స్టోమా దగ్గరి ముప్పు కంటే ఎక్కువే. అలా మిగిలినవారిని ఏటా, లేదా రెండేళ్లకోసారి గొట్టంతో చూసి ముక్కలు తీయించుకోమంటారు. 32 ఏళ్లలో ఒక్కసారి కూడా చూడలేదంటే ఆ పరీక్ష కూడా ఈ సందర్భంలోనే జరగాలి. వాడుకలో లేని పురీషనాళం కుంచించుకుపోయి గొట్టం పట్టకపోతే ఎమ్.ఆర్.ఐ. సాయం తీసుకుంటారు. జిగురులో నెత్తురు కనిపించినా, అడుగున బరువుగా, నొప్పిగా ఉన్నా ఆ మాట డాక్టరుతో మొదటే చెప్పండి, ఏడో పేజీదాకా ఆగకండి.

ఎక్కడికి వెళ్లాలో కూడా చెబుతాను. మీ భర్త రిటైరైనప్పటి రైల్వే వైద్య కార్డు మీ పేరున నడుస్తుంటే పెరంబూరు రైల్వే ఆస్పత్రి మీకు దగ్గర. అవసరమైతే పై ఆస్పత్రులకు వాళ్లే రాసి పంపుతారు. ప్రభుత్వ స్టాన్లీ ఆస్పత్రిలో జీర్ణవ్యవస్థ శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. క్యాన్సర్ అని తేలితే, ముత్తులక్ష్మీ రెడ్డి గారి పట్టుదలతో 1954లో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉండనే ఉంది. ఎక్కడికి వెళ్లినా పేగు ఆపరేషన్లు చేసే సర్జన్‌ను, స్టోమా నర్సును అడగండి. ఇన్నేళ్లలో మీరు ఒక్క స్టోమా నర్సును కూడా కలవలేదని రాశారు. మీ భర్త చేసిన పనిలో సగం వాళ్ల వృత్తి.

ఇక ఇంటి సంగతి. ముక్క పరీక్షకు ఎవరికీ చెప్పనక్కరలేదు. నెల్లూరులోని మీ చెల్లెలిని రెండు రోజులు పిలిపించుకుని ఆమెతో వెళ్లవచ్చు. కానీ ఆమెకైనా చెప్పాలి కదా. ఒంటరిగా వెళ్లడానికీ అడ్డు లేదు, బయట కూర్చున్న గంటసేపు కాస్త దిగులుగా ఉంటుంది, అంతే. ఆపరేషన్ అయితే మాత్రం గుట్టుగా జరగదు. ఆస్పత్రివారు తోడుగా ఉండేది ఎవరని అడుగుతారు, ఒప్పుకోలు కాగితం మీద దగ్గరివారి సంతకం అడుగుతారు. ఆ రోజు కారిడార్‌లో నర్సు నోటి ద్వారా మీ అబ్బాయికి తెలియడం కంటే, ముందే మీ నోటితో తెలియడం మేలని నా అభిప్రాయం.

చెప్పడంలో కూడా మెట్లు ఉన్నాయి. అబ్బాయికి మాత్రమే చెప్పి, కోడలికి పురుడు అయ్యాక చెప్పవచ్చు. దాని వల్ల ఆమెకు ఆందోళన తప్పుతుంది, కానీ గర్భిణి అయిన భార్య దగ్గర మీ అబ్బాయి ఒక రహస్యం మోయవలసి వస్తుంది. ఇద్దరికీ ఒకేసారి చెప్పవచ్చు; అప్పుడు సంచి సంగతి మొదట, బొడిపె సంగతి తర్వాత చెప్పండి. క్యాన్సర్ అన్న మాట ముందు పడితే సంచి అంటే కూడా క్యాన్సరే అనుకుంటారు. సంచి గురించి మాత్రం ఇప్పుడు చెప్పి, మిగతాది రిపోర్టు వచ్చాక చెప్పడం మూడో దారి. కోడలు మీ చేతి వంట తినడం మానేస్తుందేమోనని మీరు భయపడుతున్నారు. నాకైతే ఒక అనుమానం ఉంది: మూడేళ్లుగా ఒకే ఇంట్లో, ఒకే స్నానాలగది వాడుకుంటూ, చెత్తలోకి వెళ్లే నల్ల కవర్లు చూస్తూ, ఆ అమ్మాయి ఏదో ఒకటి గ్రహించే ఉంటుంది. గ్రహించి కూడా మీ వంట తింటోంది. నా ఊహ తప్పు కావచ్చు. ఆ ఇంట్లో ఉన్నది మీరు, నేను కాదు.

అబ్బాయికి చెప్పడానికి మరో కారణం కూడా ఉంది. ఈ రకం పేగు జబ్బులు దగ్గరి రక్తసంబంధీకులలో ఇతరులకంటే కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. అతనికి ఎప్పుడైనా విరేచనంలో నెత్తురు పడితే, మొలలని సొంత వైద్యం చేసుకోకుండా అమ్మ జబ్బు గురించి డాక్టరుకు చెప్పగలగాలి. మీ 1993 నాటి డిశ్చార్జి కాగితం పెట్టెలో ఉందన్నారు, బయటికి తీయించండి. అందులో కొలైటిస్ అని కాక, పేగు నిండా వందలకొద్దీ పాలిప్‌లు అని రాసి ఉంటే అది వంశపారంపర్యమైన మరో జబ్బు; అప్పుడు చెప్పడం మీ ఇష్టానికి వదిలే విషయం కాదు, అబ్బాయికి పరీక్షలు అవసరమవుతాయి.

ఈలోగా రోజులు గడవాలి. సంచి విప్పాక ఫోన్‌తో కింది నుంచి ఒక ఫొటో తీసుకోండి, లేదా చేతి అద్దం కింద పట్టి, పెద్ద అద్దంలో చూసుకోండి. నెలకోసారి తేదీతో ఉంచితే డాక్టరుకు కూడా ఉపయోగం. ఇంట్లోవాళ్ల ఫోన్లలోకి ఫొటోలు వాటంతటవే వెళ్లే ఏర్పాటు ఏదైనా ఉందేమో ముందు చూసుకోండి. నెత్తురు అంటితే తడి గుడ్డతో ఐదు నిమిషాలు ఒత్తి పట్టుకోండి. ఆగకపోయినా, ఆరు గంటలపాటు సంచిలోకి ఏమీ రాక కడుపు మెలిపెట్టి వాంతులైనా, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ప్లేటు కారడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీ భర్త కత్తిరించిన అట్టముక్క కొలతనే ఇప్పటికీ వాడుతున్నారు. ప్లేటు కంత స్టోమా అంచు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండాలి. కింద బొడిపె వచ్చాక ఆకారం మారింది, పాత గుండ్రటి కంత దాని మీద కూర్చోదు. కొత్త ఆకారాన్ని సన్నటి ప్లాస్టిక్ కాగితం మీద గీసుకుని దాని ప్రకారం కత్తిరించండి, కింద మిగిలిన సందును స్టోమా పేస్టుతో నింపండి. పాత అట్టముక్కను మాత్రం పారేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని డిశ్చార్జి కాగితంతో పాటు చేతిసంచిలో పెట్టుకోండి. స్టోమా మీద ఆ అట్టను ఆనిస్తే, పద్నాలుగు నెలల క్రితం అంచు ఎక్కడ ఉండేదో, ఇప్పుడు ఏ వైపు, ఎంత మేర పెరిగిందో ఆయన ఒక్క చూపులో తెలుసుకుంటారు.